పొగాకు పరిశోధన: సొమ్ము జంతువులకా, మనుషులకా?

పొగాకు హానిని తేల్చడానికి ఒక దారి జంతువుల మీద ప్రయోగం. 1953లో అమెరికా పరిశోధకుడు వైండర్ బృందం ఎలుకల చర్మానికి సిగరెట్ తారు పూస్తే కణితులు లేచాయి. 1970లో బయటికొచ్చిన మరో ప్రయోగంలో బీగిల్ జాతి కుక్కల గొంతుకు రంధ్రం చేసి పొగ పట్టించారు. ఆ ఫలితాలు మనిషికి వర్తించవని పొగాకు కంపెనీలు వాదించాయి.

రెండో దారి మనుషులనే అడగడం. లండన్ ఆసుపత్రుల్లో రోగులను ప్రశ్నించి బ్రిటిష్ పరిశోధకులు డాల్, హిల్ 1950లోనే సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం చూపారు.

తారులోని విషాన్ని పట్టివ్వడంలో ఎలుకల పాత్ర కాదనలేను. ఇక కుక్కలకు పొగ పట్టించడానికి మాత్రం ప్రజాధనం ఇవ్వకూడదు. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో చుట్ట నిప్పుకొసను నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే తెలుగు అవ్వల అంగిలి తెల్లబారి, ఎర్రచుక్కలు తేలుతుంది. టార్చిలైటుతో ఆ నోళ్లు చూసి, తెలుగులో మాట్లాడి మాన్పించే ఆరోగ్య కార్యకర్తలకు ఆ డబ్బు ఇవ్వాలి.