1991లో ఏ క్యాసెట్టు మేలు? ‘ఆదిత్య 369’, ‘క్షణక్షణం’

మా బావకూ నాకూ ముప్పై ఏళ్ళుగా తెగని పంచాయితీ ఇది. ఆయనది చిత్తూరు, నాది తిరుపతి. 1991లో వచ్చిన తెలుగు సినిమా పాటల్లో ఏది గొప్ప? విడి పాట లెక్క కాదు, క్యాసెట్టు మొత్తంగా. ఆయన ‘ఆదిత్య 369’ అంటాడు, నేను ‘క్షణక్షణం’ అంటాను. పోయిన నెల ఆయన కారులో చిత్తూరు నుంచి తిరుపతికి వస్తూ ఆ 70 కిలోమీటర్లూ దీని మీదే వాదించుకున్నాం.

అసలు ఆ ఏడాదే అట్లాంటిది. సంక్రాంతికి ‘సీతారామయ్య గారి మనవరాలు’, మేలో ‘గ్యాంగ్ లీడర్’, జూలైలో ‘ఆదిత్య 369’, అక్టోబరులో ‘క్షణక్షణం’. దీపావళికి తమిళంలో ‘దళపతి’ వచ్చింది. ‘గ్యాంగ్ లీడర్’లో బప్పీ లహరి పాటలు వినిపించని పెళ్ళి పందిరి ఉండేది కాదు. కానీ అవి ఆడడానికి కట్టిన పాటలు, పడుకుని కళ్ళు మూసుకుని వినేవి కావు. అందుకే మా పోటీలోకి వాటిని తీసుకురాలేదు.

అప్పట్లో మాకు ఒరిజినల్ క్యాసెట్టు కొనే స్తోమత లేదు. బస్టాండు దగ్గర రికార్డింగు అంగట్లో అరవై నిమిషాల ఖాళీ క్యాసెట్టు ఇచ్చి, కాగితం మీద పాటల పేర్లు రాసిస్తే రెండు రోజులకు నింపి ఇచ్చేవాళ్ళు. ఏ పక్క ‘ఆదిత్య 369’, బీ పక్క ‘క్షణక్షణం’. రెండు సినిమాలూ ఒకే టేపు మీద ఉన్నాయి కాబట్టే ఈ వాదన పుట్టిందేమో.

బావ బలమంతా ‘జాణవులే’ పాటలో ఉంది. వేటూరి రాశారు. సినిమాలో కాలయంత్రం ఎక్కి 1526కు పోతే శ్రీకృష్ణదేవరాయల కొలువులో వచ్చే పాట. అందులో బాలు గొంతు పక్కన జిక్కి గొంతు వినిపిస్తుంది. ‘అనార్కలి’లో ‘రాజశేఖరా’ పాడిన జిక్కి, ముప్పై అయిదేళ్ళు దాటాక, యాభై పైబడిన వయసులో వచ్చి అంత ఒయ్యారంగా పాడింది. ఇళయరాజాకు ఆ గొంతు గుర్తుకు రావడమే గొప్ప. పాత కాలపు కొలువుకు పాత కాలపు గొంతే కావాలని ఆయనకు తోచింది. చంద్రగిరి దగ్గరికి వచ్చేసరికి బావ కారు నెమ్మది చేసి, కోట వైపు చెయ్యి చూపించాడు.

“జిక్కి వాళ్ళ కుటుంబం ఈడి నుంచే కదబ్బా మద్రాసుకు పోయింది. రాయల వంశం వాళ్ళు ఏలిన ఊరు ఇది. ఆ ఊరి గొంతు రాయల కొలువులో పాడతా ఉండాది. దీనికేం జవాబు చెప్తావు?”

జవాబు లేదు. తిరుమల గుడిలోకి అడుగుపెడుతూనే రాయలవారు, ఇద్దరు దేవేరులు చేతులు జోడించి నిలబడిన విగ్రహాలు చూస్తూ పెరిగిన మాకు, ఆ పాట సినిమా పాటలాగా అనిపించదు. ‘రాసలీల వేళ’లో బాలు, జానకి సంగతీ అంతే. ఆ వయొలిన్లు మొదలైతే మాట్లాడబుద్ధి కాదు.

అయితే నేను అడిగేది క్యాసెట్టు గురించి. ‘సెంచరీలు కొట్టే’ వచ్చినప్పుడల్లా నా వేలు ఫార్వర్డు బటన్ మీదికి పోయేది. ‘సురమోదము’ తెర మీద అందం, ఉత్త చెవికి ఒక మెట్టు తక్కువ. బావ ఒప్పుకోడు, కానీ ఆయన వేలు కూడా పోవడం నేను కళ్ళారా చూశాను.

‘క్షణక్షణం’లో అయిదు పాటలు. ఒక్కటీ దాటేసే పాట కాదు. ‘అమ్మాయి ముద్దు ఇవ్వందే’ అల్లరి, ‘కో అంటే కోటి’ హుషారు, ‘చలి చంపుతున్న చమక్కులో’ గిలిగింత. ‘అందనంత ఎత్తా తారా తీరం’ పేరులోనే ఉంది దాని ఊపు. ఇన్ని రకాలున్నా అన్నీ ఒకే ఇంటి పిల్లల్లాగా ఉంటాయి. కీరవాణి 1990లో ‘మనసు-మమత’తో మొదలుపెట్టాడు. మరుసటి ఏడాదే ఈ పట్టు! అదే దర్శకుడు రామ్‌గోపాల్ వర్మ ‘శివ’కు ఇళయరాజాతో చేయించుకుని, ఈ సినిమాకు కీరవాణి దగ్గరికి వచ్చాడు. ఇళయరాజా లేని లోటు ఎక్కడైనా వినిపించిందా? నాకు వినిపించలేదు.

ఇక ‘జాము రాతిరి’. అడవిలో, చీకట్లో, భయంతో నిద్రపట్టని అమ్మాయికి ఓ దొంగ పాడే జోలపాట. జోలపాటంటే అమ్మ పాడాలి, బిడ్డ వినాలి. సిరివెన్నెల ఆ పద్ధతిని అట్లాగే ఉంచి మనుషుల్ని మార్చేశారు. ప్రేమ అన్న మాట ఎత్తకుండానే ప్రేమ పుట్టడం వినిపిస్తుంది. బాలు గొంతు పెంచడు. పక్కన పడుకున్న మనిషి లేస్తుందేమో అన్నట్టు పాడతాడు. శ్రీకాళహస్తిలో చదువుకున్న మనిషి, మా జిల్లా గాలి పీల్చిన గొంతు. ఊరి లెక్కే వేసుకుంటే నాకూ ఒక వాటా ఉందని బావతో అన్నాను.

‘దళపతి’ సంగతి మా చిన్నమ్మ కొడుకు ఎత్తాడు. ‘రాక్కమ్మ’ పాట 2002లో ప్రపంచంలో మేటి పాటల కోసం బీబీసీ వరల్డ్ సర్వీస్ పెట్టిన ఓటింగులో నాలుగో స్థానంలో నిలిచింది. వరసల పరంగా దాని ముందు ఏదీ నిలవదు. కానీ చిత్తూరోళ్ళం దాన్ని తమిళంలోనే గుండెలో పెట్టుకున్నాం. తెలుగు క్యాసెట్టుల పోటీలో దాన్ని కూర్చోబెట్టడానికి మాకే మనసొప్పలేదు. నన్ను నిజంగా తికమక పెట్టేది ‘సీతారామయ్య గారి మనవరాలు’. ‘పూసింది పూసింది పున్నాగ’ విన్న రోజు అదే మొదటిదంటాను, తెల్లారి మళ్ళీ ‘క్షణక్షణం’ దగ్గరికి వస్తాను. అదీ కీరవాణిదే కాబట్టి బావ దగ్గర నాకు నష్టం లేదు.

ఆ క్యాసెట్టు ఇప్పటికీ మా ఇంట్లో ఉంది. ఒకసారి టేప్‌రికార్డరులో చిక్కుకుంటే పెన్సిలు పెట్టి తిప్పి సరిచేశాం గానీ జానెడు మేర ముడత మిగిలిపోయింది. టేపు ఒకటే కాబట్టి ఏ పక్క మొదటి పాట ఉన్న చోటే బీ పక్క చివరి పాట ఉంటుంది. ‘జాణవులే’లో గొంతు ఒకచోట వణికేది, తిప్పి వేస్తే ‘జాము రాతిరి’లోనూ వణికేది. ఆ రోజు కారులో ఫోన్ నుంచి రెండూ విన్నాం. పాట శుభ్రంగా సాగిపోతున్నా, ఆ చోటు రాగానే బావ మాట ఆపేశాడు, నేనూ ఆపేశాను.