హరిహర్ కోట ‘బిగినర్ ట్రెక్’ ప్యాకేజీలు: డబ్బు కట్టేముందు టైమ్ లెక్క చూసుకోండి

వానలు మొదలయ్యాయంటే చాలు, హరిహర్ కోట రీళ్లు ఫోన్ నిండా వచ్చేస్తాయి. పచ్చటి కొండ, దాని నడుమ నిట్టనిలువు రాతి మెట్లు, పైన మబ్బు. కింద ‘ఫస్ట్ ట్రెక్కా? నో టెన్షన్! బిగినర్ ఫ్రెండ్లీ, హైదరాబాద్ టు హైదరాబాద్’ అని ఓ నంబరు. పోయిన ఆగస్టులో అలాంటి ప్యాకేజీకే మనిషికి 5,200 చొప్పున కట్టి మా ఇంట్లోవాళ్లు, ఆఫీసు మిత్రులు కలిసి వెళ్లాం. మాలో ఎవరూ అంతకుముందు కొండ ఎక్కినవాళ్లు కాదు. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అది మా అదృష్టం. నిర్వాహకుల గొప్ప మాత్రం కాదు.

పేరు రాయండి అని అడుగుతారని తెలుసు. రాయడం లేదు. ఒకటే ఫోన్ నంబరు మీద వేర్వేరు పేర్లతో పేజీలు నడుపుతున్నారు. నేను ఒక పేరు చెబితే మీరు రెండో పేరు దగ్గర బుక్ చేస్తారు. పేరు కంటే పద్ధతి గుర్తుపట్టడం మేలు.

ముందు కోట సంగతి. హరిహర్ నాసిక్ జిల్లాలో, త్రయంబకేశ్వరం దగ్గర ఉంది. సముద్రమట్టం నుంచి సుమారు 1,120 మీటర్లు. ప్రకటనల్లో ‘3,676 అడుగుల సాహసం’ అని పెద్దక్షరాలతో వేసేది ఈ లెక్కే. కింద ఉన్న నిర్గుడ్‌పాడా నుంచి మనం ఎక్కేది అంతకన్నా చాలా తక్కువ. కాబట్టి ఎత్తు చూసి భయపడాల్సిన పనిలేదు. ఊరి నుంచి మెట్ల మొదలు దాకా నడక మామూలు ఓపిక ఉన్నవాళ్లెవరైనా నడవగలరు. అసలు కథ అంతా చివర్లో ఉన్న ఆ వందకు పైగా మెట్ల దగ్గరే. దాదాపు 80 డిగ్రీల వాలు అంటారు. కిందనుంచి చూస్తే గోడకు నిచ్చెన ఆనించినట్టే ఉంటుంది. అవి ఎక్కాక చిన్న దర్వాజా, ఆ తర్వాత కొండ అంచున రాతిలో తొలిచిన ఇరుకు దారి. అక్కడ నడుం వంచి వెళ్లాలి. ఆపైన మళ్లీ మెట్లు. వీటిలో ఏ ఒక్కటీ ప్యాకేజీ వివరాల్లో లేదు. ‘డిఫికల్టీ: ఈజీ’ అని మాత్రం ఉంది.

ఇక టైమ్ లెక్క. వాళ్ల షెడ్యూలు ప్రకారం శుక్రవారం రాత్రి 9కి హైదరాబాద్‌లో బస్సు, శనివారం పొద్దున 6కి ట్రెక్ మొదలు. హైదరాబాద్ నుంచి నాసిక్ సుమారు 700 కిలోమీటర్లు. త్రయంబకం అక్కడి నుంచి ఇంకో 30, ఆ పైన కొండ కిందికి పల్లె రోడ్డు. తొమ్మిది గంటల్లో ఏ బస్సు వెళుతుంది? టీకి ఒకచోట, టిఫిన్‌కి ఒకచోట ఆపకుండా ఉంటారా? మా బస్సు కూకట్‌పల్లి, మియాపూర్ అంటూ మనుషుల్ని ఎక్కించుకుని ఊరు దాటేసరికే పదకొండు దాటింది. నిర్గుడ్‌పాడా చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. బస్సులో ఎవరో అడిగితే, ‘చిల్ బ్రో, మాన్‌సూన్‌లో ఎప్పుడెక్కినా ఒకటే’ అన్నాడు లీడర్.

ఒకటి కాదు. తెల్లవారుజామున మొదలుపెట్టినవాళ్లు దిగేది మధ్యాహ్నమే. ఎక్కడానికీ దిగడానికీ ఉన్నవి ఆ మెట్లే. శని, ఆదివారాల్లో ముంబై, పుణె, నాసిక్ నుంచి గుంపులు గుంపులుగా వస్తారు. ఆలస్యంగా వచ్చిన బ్యాచ్ సరిగ్గా ఆ దిగేవాళ్లకు ఎదురెక్కాల్సి వస్తుంది. అంటే పొద్దున్న పోగొట్టిన గంటలకు మధ్యాహ్నం మెట్ల మీద మనం మూల్యం చెల్లిస్తాం. బస్సు ఆలస్యాన్ని అసౌకర్యం అనుకుని ఊరుకుంటాం కానీ, ఇలాంటి కోటల దగ్గర అదే ప్రమాదం.

మెట్ల మొదట్లో ముప్పావుగంట లైన్లో నిలబడ్డాం. పైనుంచి సన్నగా వాన. మెట్టు మీద ఒకరైతే సుఖంగా నిలబడొచ్చు, ఇద్దరైతే ఇరుక్కోవాల్సిందే. ప్రతి మెట్టుకూ రెండు పక్కలా వేళ్లు దూర్చి పట్టుకోవడానికి గుంటలు తొలిచారు. ఎవరు ఏ కాలంలో చెక్కారో కానీ, చేయి వేస్తే సరిగ్గా అందే చోటే ఉంటాయి. ఎండలో అయితే అంతకన్నా మంచి పట్టు ఉండదు. ఆ రోజు మాత్రం గుంటల నిండా నీళ్లు, ముందెళ్లినవాళ్ల బూట్ల నుంచి కారిన బురద. వేళ్లు పెడితే మెత్తగా దిగబడతాయి. అడుగున రాయి అంచు తగిలేదాకా బరువు మోపలేం.

సగం దూరంలో మా మరదలు ఆగిపోయింది. పైనుంచి ఒకాయన ముఖం లోయవైపు పెట్టి, కూర్చుని ఒక్కో మెట్టూ జరుగుతూ వస్తున్నాడు. ఆయన బూటు మడమ సరిగ్గా ఆ అమ్మాయి తలకు జానెడు దూరంలో. ఆయనది కూడా మొదటి ట్రెక్కేనట, ఇంకో ప్యాకేజీవాళ్లు తెచ్చారు. ఇలాంటి మెట్లు దిగేటప్పుడు నిచ్చెన దిగినట్టు ముఖం రాతివైపు పెట్టి, చేతులు గుంటల్లో ఉంచి, ఒక్కో కాలూ కిందికి వేయాలి. ఇది చెప్పడానికి అర నిమిషం పట్టదు. ఆయనకూ ఎవరూ చెప్పలేదు, మాకూ ఎవరూ చెప్పలేదు. వెనక లైను కదలదు, పక్కకు జరిగే చోటు లేదు. ‘బావా, చేతులు వణుకుతున్నాయి’ అంటోంది. నేను ఆమెకు మూడు మెట్లు కింద ఉన్నాను, అక్కడినుంచి చేయగలిగింది ఏమీ లేదు.

ఆదుకున్నది మెట్ల కింద నిమ్మరసం అమ్ముకునే కుర్రాడు. తాడు భుజాన వేసుకుని, జనం పక్కనుంచి ఎలా వచ్చాడో వచ్చి ఆమె వెనక మెట్టు మీద నిలబడ్డాడు. ‘దీదీ, కిందికి చూడకు. కుడిచేయి పై గుంటలో. ఇప్పుడు ఎడమ కాలు’ అని హిందీలో ఒక్కొక్కటీ చెబుతూ పైదాకా తీసుకెళ్లాడు. మా లీడర్ ఆ సమయంలో కింద టీకొట్టు దగ్గర మిగతావాళ్ల ఫొటోలు తీస్తున్నాడు. ‘పది మందికి ఒక సర్టిఫైడ్ లీడర్’ అని రాసినవాళ్లు 45 మందికి ఇద్దర్ని పంపారు. అందులో రెండో అబ్బాయి హరిహర్ రావడం అదే మొదటిసారని బస్సులోనే నోరు జారాడు. తాడు ఎవరి దగ్గరా లేదు. ఫస్ట్ ఎయిడ్ బాక్సు బస్సులో ఉండిపోయింది.

‘హెరిటేజ్ వాక్ విత్ ఎక్స్‌పర్ట్’ అన్నది కూడా ప్యాకేజీలో ఉంది. పైన హనుమంతుడి గుడి దగ్గర నిలబడి ‘ఈ కోట శివాజీ మహరాజ్ కట్టించారు’ అని ఒక్క వాక్యంలో ముగించాడు మన ఎక్స్‌పర్ట్. ఈ కోట యాదవ రాజుల కాలం నాటిది, శివాజీకి వందల ఏళ్ల ముందుది. 1636లో శివాజీ తండ్రి షాహాజీ త్రయంబకం కోటతో పాటు దీన్ని మొగలులకు అప్పగించాల్సి వచ్చింది. 1670లో శివాజీ పేష్వా మోరోపంత్ పింగ్లే తిరిగి గెలిచాడు. 1818లో ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. మూడు ముక్కల్లో చెప్పొచ్చు, చెప్పి ఉంటే ఆ మెట్ల విలువ ఇంకాస్త తెలిసేది. ఇది ప్రాణం మీదికొచ్చే విషయం కాదులెండి, కానీ డబ్బు తీసుకున్నది దీనిక్కూడా.

భోజనం సంగతి క్లుప్తంగా: పల్లెలో పిఠ్లా (శనగపిండి కూర), భాకరీ (రొట్టె) పెడతామన్నారు. దిగేసరికి సాయంత్రం ఆరున్నర, సగం మందికి అయిపోయింది. వండిన ఆవిడను ఎవరైనా అనేముందు ఒకటి తెలుసుకోండి. ఎంతమంది వస్తున్నారో ఆవిడకు పొద్దున దాకా చెప్పలేదట, కిందటి బ్యాచ్ డబ్బులు కూడా ఇంకా రాలేదట. త్రయంబకేశ్వర దర్శనం కూడా ప్యాకేజీలోదే. శ్రావణమాసంలో అక్కడ క్యూ గంటలకొద్దీ సాగుతుందని ఒకసారి వెళ్లినవాళ్లకైనా తెలుసు. చీకటిపడ్డాక బస్సు గుడి వీధి దగ్గర ఆపి, ‘ఇరవై నిమిషాలు, గోపురానికి దండం పెట్టుకుని వచ్చేయండి’ అన్నారు.

ఇన్సూరెన్స్ అని మనిషికి 150 విడిగా తీసుకున్నారు. నిజంగా పాలసీ చేయిస్తే పుట్టినతేదీ, నామినీ పేరు అడగాలి కదా. మమ్మల్ని పేరు, టీషర్టు సైజు తప్ప ఇంకేం అడగలేదు. పాలసీ కాగితం పంపమని రాస్తే ఇప్పటికీ సమాధానం లేదు.

రేటింగులు ఎలా వస్తున్నాయో కూడా చూశాను. వెళ్లేటప్పుడు బస్సులోనే, ఇంకా కొండ కనపడకముందే, ‘ఇప్పుడు ఐదు స్టార్లు ఇచ్చి స్క్రీన్‌షాట్ చూపించినవాళ్లకు టీషర్ట్ ఫ్రీ’ అన్నారు. ముప్పైమంది దాకా ఇచ్చారు. ఆ 4.9 వెనక ఉన్నది ఇదే. రివ్యూలు చదివేటప్పుడు ‘ఆసమ్ ట్రిప్’లు వదిలేసి, ఎన్నింటికి చేరామో, ఎంతమంది లీడర్లు వచ్చారో రాసినవాటిని వెతకండి.

తిరిగొచ్చాక గ్రూపులో రిఫండ్ అని అడిగిన గంటలోనే అది ‘అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపగలరు’గా మారిపోయింది. తర్వాత నన్ను తీసేశారు. ఫోన్ చేస్తే వానమీద నెట్టారు, ‘నాన్ రిఫండబుల్ అని రాసుందిగా సర్’ అన్నారు. రాసినంత మాత్రాన చెప్పిన సేవ ఇవ్వకుండా డబ్బు ఉంచుకునే హక్కు వచ్చేయదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం సేవలో లోపం కింద ఫిర్యాదు చేయొచ్చు. నేను జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి, ప్రకటన స్క్రీన్‌షాట్, చెల్లింపు రసీదు, నిర్గుడ్‌పాడాలో దిగినప్పుడు తీసిన టైమ్ ఉన్న ఫొటో జతచేశాను. ఆ తర్వాత కథ మారింది, వాళ్లే ఫోన్ చేశారు. మొదట ‘నెక్స్ట్ ట్రెక్‌కి వోచర్’ అన్నారు, ఆ తర్వాత నేను రాసిన రివ్యూ తీసేస్తే సగం ఇస్తామన్నారు. రివ్యూ తీయలేదు, మనిషికి 2,000 వెనక్కి వచ్చింది. మిగతాదానికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లాలని ఉంది. 5 లక్షల లోపు చెల్లింపులకు అక్కడ ఫీజు లేదు, రెండేళ్ల దాకా గడువుంది.

ఇంతా చదివి హరిహర్ వద్దనుకోకండి. కోట తప్పేం లేదు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి లోపు, మధ్యవారంలో, పొద్దున్నే వెళ్తే ఆ మెట్లు ఎక్కడం ఎంత బాగుంటుందో తర్వాత నాసిక్ మిత్రుడొకరు చెబితే ఏడుపొచ్చింది. నిర్గుడ్‌పాడా వైపు కాకుండా హర్షేవాడి వైపు నుంచి నడక తేలిక. చివరి మెట్లు మాత్రం ఎటునుంచి వచ్చినా తప్పవు. దేవగిరి ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ నుంచి నాసిక్ రోడ్డు మీదుగానే వెళుతుంది. ముందురోజే వెళ్లి త్రయంబకంలో పడుకుంటే టైమ్ గొడవే ఉండదు. అసలు కొండ ఎక్కడమే కొత్త అయితే మన భువనగిరి ఉండనే ఉంది. చాళుక్య విక్రమాదిత్యుడి కోట, ఒకటే బండ, మెట్లున్నాయి, పట్టుకోవడానికి కడ్డీలున్నాయి, హైదరాబాద్ నుంచి 50 కిలోమీటర్ల లోపే. దానికి ఏ ప్యాకేజీ అక్కర్లేదు. వాన పడిన రోజు మాత్రం బండ జారుతుంది, చూసుకోండి.

ప్యాకేజీలోనే వెళ్తాం అంటే డబ్బు కట్టేముందు ఫోన్లో కాదు, మెసేజ్‌లో అడగండి. బస్సు ఎన్నింటికి చేరుతుంది, ఆలస్యమై పది దాటితే ఎక్కిస్తారా, ఆపేస్తారా? మెట్ల కింద ఒకరు, పైన ఒకరు లీడర్లు నిలబడతారా, వాళ్లు ఇంతకుముందు ఈ కోటకు వచ్చారా? సాహస పర్యాటకం నడిపే సంస్థలు పర్యాటక శాఖ దగ్గర నమోదు కావాలని మహారాష్ట్ర 2021లో విధానం తెచ్చింది, ఆ నమోదు ఉందా? బిల్లు మీద జీఎస్‌టీ నంబరు ఉంటుందా, యూపీఐ ఎవరి సొంత ఖాతాకైనా వెళ్తోందా? మమ్మల్ని కట్టమన్నది ఒక వ్యక్తి పేరు మీదున్న ఖాతాకే. రద్దీ, వానల వల్ల వానాకాలంలో అక్కడి అధికారులు కోటల మీద ఆంక్షలు పెడుతుంటారు. అలా ఆపేస్తే డబ్బు వెనక్కి ఇస్తారా అన్నది కూడా అడగండి. మా బ్యాచ్‌లో ఒకావిడ ఇది అడిగితే ‘అలా ఎప్పుడూ జరగదు మేడమ్’ అని నవ్వే బొమ్మ పెట్టారట.

ఈ నెలకే బుక్ చేసుకున్నవాళ్లు ఈ ప్రశ్నలు ఇవాళే పంపండి. చాలా ప్యాకేజీల్లో వారం ముందు దాకే క్యాన్సిలేషన్‌కు డబ్బు వెనక్కి వస్తుంది. రేపటికి జవాబు రాకపోతే ఆ గడువు దాటకముందే మెసేజ్‌లోనే రద్దు చేసి, గ్రూపులోంచి తీసేసేలోపు చాట్ మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి పెట్టుకోండి.