బూట్‌లో సెట్టింగులు నిలబెట్టడంలో ఓపెన్‌వర్ట్ ఎలా ఉంది?

రూటర్‌లో కంపెనీ ఫర్మ్‌వేర్ (రూటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) బదులు వేసుకునే ఉచిత ఫర్మ్‌వేర్ ఓపెన్‌వర్ట్. అది వేసుకోగానే చాలామంది నెట్‌లో దొరికిన నాలుగు లైన్లు తెచ్చి, బూట్ చివర్లో నడిచే ఆర్‌సీ.లోకల్ ఫైల్‌లో అతికిస్తారు. పని జరుగుతుంది కానీ, ఈ ఫర్మ్‌వేర్‌లో అన్నిటికన్నా బలహీనమైన చోటు అదే. అసలు బలం /ఈటీసీ/యూసీఐ-డిఫాల్ట్స్ ఫోల్డర్‌లో ఉంది.

ఆ ఫోల్డర్‌లో పెట్టిన స్క్రిప్టును ఎస్10బూట్ దశలో నడుపుతారు (ఎస్ పక్కనున్న అంకె బూట్‌లో మొదలయ్యే వరుస). సున్నా స్టేటస్‌తో, అంటే సఫలమైందని చెప్పే కోడ్‌తో ముగిస్తే ఫైల్‌ను తీసేస్తారు, లేకపోతే మళ్లీ బూట్ అయినప్పుడు ఇంకోసారి నడుస్తుంది. చిక్కంతా ఇక్కడే. స్క్రిప్టు చివర్లో, లేని ఆప్షన్‌కి 'యూసీఐ డిలీట్' (సెట్టింగును తీసేసే కమాండ్) రాశారనుకోండి. అది 1 ఇస్తుంది, ఫైల్ అలాగే మిగిలిపోతుంది. ఆ స్క్రిప్టు వైఫై పేరు పెట్టేదైతే, మీరు లూసీలో (ఓపెన్‌వర్ట్ వెబ్ పేజీలో) పేరు మార్చినా రీబూట్ కాగానే అది మళ్లీ నడిచి పాతదే వస్తుంది. అందుకే చివరి లైన్ ఎప్పుడూ 'ఎగ్జిట్ 0' ఉండాలి. ఇంకోటి, నెట్‌వర్క్ మొదలయ్యేది ఎస్20లో. కాబట్టి ఇక్కడ డౌన్‌లోడ్ పనులు పెట్టకండి. ఒకే మోడల్ రూటర్లు పదింటికి ఒకే సెట్టింగ్ వేయాలంటే ఫర్మ్‌వేర్ సెలెక్టర్ సైట్‌లో ఈ స్క్రిప్టుకు ప్రత్యేకంగా పెట్టె ఉంది. ఇమేజ్‌లోనే కలిసిపోతుంది కాబట్టి ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినా మళ్లీ నడుస్తుంది. ఈ సౌకర్యం ఒక్కటి చాలు, కంపెనీ ఫర్మ్‌వేర్ వదిలేయడానికి.

ఆర్‌సీ.లోకల్‌ని నడిపేది ఎస్95డన్ అనే స్క్రిప్టు. అందులో అంతులేని లూప్ రాసి చివర '&' (కమాండ్‌ని వెనకాల నడిపే గుర్తు) మరిచిపోతే డన్ అక్కడే ఆగిపోతుంది. పవర్ లైట్ మిణుకుతూనే ఉంటుంది, దాని వెనక ఎస్96లో ఉన్న ఎల్ఈడీ సెట్టింగులు, ఎస్98లో ఉన్న టైమ్ సర్వీస్ మొదలవ్వవు. లైట్ నిలకడగా వెలగకపోతే ముందు ఈ ఫైలే తెరవండి. 'ఎగ్జిట్ 0' కింద రాసిన లైన్లు నడవవు. లూసీలోని లోకల్ స్టార్టప్ ట్యాబ్‌లో ఎక్కువమంది చేసే పొరపాటు ఇదే.

కెర్నెల్ (సిస్టమ్ మూల భాగం) విలువలకు /ఈటీసీ/సిస్‌కంట్రోల్.డీ ఉంది, ఎస్11లో అమలవుతుంది. ఆ తర్వాత పుట్టే నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌ల సంగతి? పేరు సరిపోలిన లైన్లను హాట్‌ప్లగ్ (కొత్త పరికరం రాగానే స్పందించే ఏర్పాటు) మళ్లీ వేస్తుంది. ఇది చాలా చక్కని ఏర్పాటు. కానీ సిస్‌ఎఫ్ఎస్‌లో (కెర్నెల్ తన విలువలను ఫైళ్లుగా చూపే చోట) 'ఎకో'తో రాసిన విలువలకు ఈ రక్షణ లేదు. వాటిని /ఈటీసీ/హాట్‌ప్లగ్.డీ/ఐఫేస్‌లో, 'ఐఎఫ్‌అప్' (ఇంటర్‌ఫేస్ మొదలైందనే సంకేతం) వచ్చినప్పుడు వేయాలి.

ఈ స్క్రిప్టులను నడిపే షెల్ బిజీబాక్స్ యాష్, మామూలు లినక్స్‌లో ఉండే బ్యాష్ కాదు. అర్రేలు పనిచేయవు. విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాసి తెచ్చిన ఫైల్‌కు లైన్ చివర సీఆర్ (కంటికి కనిపించని అక్షరం) అంటుకుంటే, కళ్లెదురుగా ఉన్న కమాండ్‌ని కూడా 'నాట్ ఫౌండ్' అంటుంది. ఆర్‌సీ.లోకల్ ఎర్రర్లు లాగ్‌రీడ్ కమాండ్‌లో ఎస్95డన్ పేరుతో కనిపిస్తాయి. లాగ్ ర్యామ్‌లోనే ఉంటుంది కాబట్టి రీబూట్ చేయకముందే చూసుకోవాలి. ఇది నిజమైన లోటే.

స్క్రిప్టు తప్పుపోయి రూటర్‌లోకి వెళ్లలేకపోయినా భయం లేదు. బూట్‌లో లైట్ వేగంగా మిణుకుతున్నప్పుడు బటన్ నొక్కితే ఫెయిల్‌సేఫ్ (మీ సెట్టింగులు లేకుండా నడిచే అత్యవసర మోడ్) వస్తుంది. కంప్యూటర్‌కి 192.168.1.2 లాంటి చిరునామా చేత్తో ఇచ్చి, 192.168.1.1కి ఎస్ఎస్‌హెచ్‌తో వెళ్లి 'మౌంట్_రూట్' కొట్టాలి. అప్పుడు మీ ఫైళ్లు కనిపిస్తాయి, తప్పు లైన్ చెరిపేయొచ్చు.

అప్‌గ్రేడ్‌లో ఆర్‌సీ.లోకల్, /ఈటీసీ/కాన్ఫిగ్ మిగులుతాయి. మీరు సొంతంగా రాసిన ఇనిట్.డీ స్క్రిప్టు (సర్వీస్‌ని మొదలుపెట్టేది) మాత్రం పోతుంది, దాని దారిని /ఈటీసీ/సిస్‌అప్‌గ్రేడ్.కాన్ఫ్‌లో చేర్చాలి. చేర్చాక 'సిస్‌అప్‌గ్రేడ్ -ఎల్' కొట్టి జాబితాలో ఆ పేరు ఉందో లేదో చూసుకున్నాకే కొత్త ఇమేజ్ ఎక్కించండి.