నల్ల కుట్టు మిషన్: ఏ పనికి డబ్బు మిగులుతుంది, ఏ పనికి మొండికేస్తుంది

కుట్టు మిషన్ ఇంట్లో ఉంటే టైలరు ఖర్చు మిగులుతుందని అందరూ అంటారు. ఏ మిషన్ కొంటే, ఏ పనుల మీద, ఎన్నాళ్లకు మిగులుతుందో లెక్క వేసేవాళ్లు తక్కువ. ఈ సమీక్ష పాతకాలపు నల్ల మిషన్ గురించి. పోత ఇనుము తల, కింద స్టాండు, కాలితో తొక్కే పెడలు, తోలు బెల్టు, ఒకే ఒక తిన్నని కుట్టు. ఉషా, సింగర్ లాంటి పెద్ద పేర్లతోనూ ఊళ్లో ఎవరూ వినని పేర్లతోనూ దాదాపు ఇదే నమూనా దొరుకుతుంది. స్టాండుతో కలిపి షాపును బట్టి ఆరు నుంచి తొమ్మిది వేల దాకా చెబుతారు.

ముందే చెప్పేస్తే, పొదుపు కోసం మొదటి మిషన్ కొనే ఇంటికి ఇదే సరైనది. అయితే దీంతో డబ్బు మిగిలేది కొత్త బట్టలు కుట్టడం వల్ల కాదు. ఫాల్స్, మడతలు, బిగువు తీయడం, చిరుగులు, గలీబులు, ఇలా టైలరు దగ్గర వారం రోజులు మూలన పడి ఉండే చిల్లర పనుల వల్ల.

ఆన్‌లైన్‌లో రెండు వేల లోపు వచ్చే మినీ మిషన్ జోలికి పోవద్దు. చేత్తో పట్టుకుని స్టేప్లర్‌లా నొక్కేవి ఒకే దారంతో గొలుసు కుట్టు వేస్తాయి. చివరి దారం సరిగా ముడి వేయకపోతే, అది పట్టుకుని లాగగానే వరసంతా ఊడి చేతికొస్తుంది. బల్ల మీద పెట్టుకునే బుల్లి మిషన్లలో రెండు దారాలుంటాయి కానీ చాలావాటిలో కుట్టు పొడుగు మార్చుకునే వీలుండదు, జీన్స్ మడత దగ్గరికి రాగానే మోటారు మూలుగుతుంది. ఇక పది పదిహేను వేల జిగ్‌జాగ్ మిషన్ మంచిదే. కాజాలు వేస్తుంది, అంచులు పోగులు పోకుండా కడుతుంది. కానీ తిన్నని కుట్టు చేతికి రాకముందే దాన్ని కొంటే డయల్ మీదున్న బొమ్మల్లో మూడోవంతు కూడా వాడరు, రిపేరు వస్తే ఊళ్లో మెకానిక్ చెయ్యి పెట్టడానికి జంకుతాడు. నల్ల మిషన్‌కైతే బాబిన్ (కింది దారం చుట్టే బుల్లి కండె) పెట్టే కేసు, ఆ దారాన్ని పై దారంతో కలిపే షటిల్, బెల్టు మండల కేంద్రంలో కూడా దొరుకుతాయి. దీని అసలు బలం అదే.

ఇప్పుడు పనుల సంగతి. చీర ఫాల్‌తో మొదలుపెడితే మంచిది, ఎందుకంటే కత్తిరింపు ఏమీ లేదు, కుట్టు తిన్నగా పోతే చాలు. ఫాల్ సుమారు రెండున్నర మీటర్ల పొడుగు, అయిదంగుళాల వెడల్పు ఉంటుంది. తెచ్చిన ఫాల్‌ను నేరుగా కుట్టకూడదు. రాత్రంతా నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయాలి. నూలు ఫాల్ మొదటి ఉతుక్కి కుంచించుకుపోతుంది, చీర అంత కుంచించుకోదు. ఆ తేడాకే అంచు పొడుగునా ముడతలు పడి, ఎన్నిసార్లు ఇస్త్రీ చేసినా పోవు. ముదురు రంగు ఫాల్ అయితే నానబెట్టిన నీళ్లలో రంగు దిగుతుందేమో కూడా అప్పుడే తెలిసిపోతుంది.

చీర లోపలి కొంగు చివర ఆరేడు అంగుళాలు వదిలి, చీర తిరగేసి, ఫాల్ కింది అంచును చీర అంచుతో సమంగా పెట్టి మిషన్ మీద కుట్టాలి. గుండుసూదులు జానెడు దూరానికొకటి చాలు. పట్టుకైతే అంచులోనే గుచ్చాలి, మధ్యలో గుచ్చితే రంధ్రం కనబడుతుంది. ఫాల్ పైకి ఉంచి కుడుతున్నాం కాబట్టి పై దారం ఫాల్ రంగుది, బాబిన్‌లో చీర అంచు రంగుది వేస్తే రెండు వైపులా కనబడదు. సూది 11 నంబరు, అదీ కొత్తది. పలచటి పట్టు, షిఫాన్ అయితే 9. మొనపోయిన సూది చీర పోగును లాగేస్తుంది, ఆ గీత మళ్లీ పోదు. పై టెన్షన్ (దారం బిగువు) కాస్త వదులు చేసి, అంగుళానికి పది కుట్ల చొప్పున, రెండు చేతులతో బట్టను ముందూ వెనకా సమంగా పట్టి నడిపించాలి. లాగకూడదు. ఫాల్ పై అంచును మాత్రం మిషన్ మీద కుట్టొద్దు. చేతి సూదితో, పైకి ఒక్క పోగు మాత్రమే అందేలా హెమ్మింగ్ చేయాలి. పీకో, అంటే అంచు పోగులు పోకుండా వేసే దగ్గరి కుట్టు, ఈ మిషన్ వల్ల కాదు, దానికి జిగ్‌జాగ్ కావాలి. చీర అంచుకు పీకో బయటే చేయించుకోవాలి కాబట్టి లెక్కలో ఆ డబ్బు మిగిలినట్టు రాసుకోకండి.

జీన్స్ కింద మడత విషయంలో చాలామంది మిషన్‌ను తప్పుపడతారు. తప్పు సూదిది, తొందరది. సూది 16 ఉండాలి. పక్క కుట్టు దగ్గర ఆరు, ఎనిమిది పొరలు ఒకదాని మీద ఒకటి వస్తాయి. అక్కడ ఫుట్ (గుడ్డను అదిమి పట్టే పాదం) ముందు భాగం పైకి లేచి వెనక భాగం పల్లంలో ఉండిపోతుంది, గుడ్డను నడిపించే కింద పళ్లకు బట్ట అందదు, కుట్టు తప్పుతుంది, సూది పక్కకు వంగి ప్లేటుకు తగిలి విరుగుతుంది. దీనికి విరుగుడు సులువే. ఆ మందపాటి చోటును ముందుగా చిన్న సుత్తితో నాలుగు దెబ్బలు కొట్టి అణచాలి. దగ్గరికి రాగానే ఆపి, అదే మందం వచ్చేలా మడిచిన గుడ్డముక్కను ఫుట్ వెనక భాగం కింద పెట్టి సమం చేయాలి. ఆ అంగుళం వరకూ పెడలు తొక్కకుండా చక్రాన్ని చేత్తో తిప్పాలి. పోత ఇనుము మిషన్ విలువ తెలిసేది ఇక్కడే, చేతి బరువుతోనే సూది దిగిపోతుంది.

నడిమి పలచబడిన దుప్పటిని పారేయక్కర్లేదు. పొడుగునా మధ్యకు చీల్చి, గట్టిగా ఉన్న రెండు పక్క అంచుల్ని మధ్యకు తెచ్చి కలిపి కుట్టి, పలచబడ్డ అంచుల్ని కొంత కత్తిరించి మడిచి కుడితే ఇంకొన్నాళ్లు వస్తుంది. మధ్య కుట్టు ఒంటికి గుచ్చుకోకుండా ఉండాలంటే ఒక అంచును రెండోదాని మీద పరిచి రెండు వరసలు వేయాలి. అది కూడా చివికితే గలీబులు. 17 అంగుళాల వెడల్పు, 27 అంగుళాల పొడుగు ఉన్న దిండుకు 18 అంగుళాల వెడల్పు, 62 అంగుళాల పొడుగు గుడ్డ కావాలి. రెండు వైపులకు 54, లోపలికి మడిచే కవరు మూతకు 6, రెండు చివర్ల మడతకు అంగుళం చొప్పున. జిప్పు అక్కర్లేదు, బొత్తాం అక్కర్లేదు.

పిల్లల యూనిఫాం కుట్టించినా కొన్నా ప్యాంటుకు, గౌనుకు కింద మూడంగుళాలు లోపల ఉండేలా చూసుకుంటే ఏటా ఒక అంగుళం దించుకోవచ్చు. దించినప్పుడు పాత మడత దగ్గర వెలిసిన గీత కనబడుతుంది. దాని మీదే అదే రంగు దారంతో రెండు వరసలు వేస్తే డిజైనులా కలిసిపోతుంది.

ఇక మొండికేసే చోట్లు. టీ షర్టులు, లెగ్గింగ్‌లు, బనియన్ గుడ్డ దీని పని కాదు. సాగే గుడ్డ మీద తిన్నని కుట్టు సాగదు, తల దూర్చగానే దారం పుటుక్కున తెగుతుంది. బాల్‌పాయింట్ సూది వేస్తే కుట్లు తప్పడం తగ్గుతుందే తప్ప తెగడం ఆగదు. లైనింగ్ బ్లౌజు ఈ మిషన్ మీద నిక్షేపంగా కుట్టొచ్చు, ఊళ్లో టైలర్లు కుట్టేదీ ఇలాంటి మిషన్ల మీదే. కాకపోతే కష్టం కుట్టులో లేదు, చంక దగ్గర కొలతలో, కత్తిరింపులో ఉంది. పాత చీరల మీద చేయి తిరిగాకే కొత్త జాకెట్టు గుడ్డ ముట్టుకోవాలి. లైనింగ్ గుడ్డను కూడా ఫాల్‌లాగే నానబెట్టాలి, లేకపోతే ఉతికాక లోపలిది బిగిసి పైది ఉబ్బుతుంది.

మిషన్ పాడైందని షాపుకు మోసుకెళ్లే ముందు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. గుడ్డ అడుగున దారం ఉండలు కడుతుంటే అందరూ బాబిన్‌ను తిడతారు, నిజానికి తప్పు పై దారానిది. ఫుట్ దించి దారం ఎక్కిస్తే అది టెన్షన్ బిళ్లల మధ్యకు దిగదు. ఫుట్ ఎత్తి మొదటినుంచి మళ్లీ ఎక్కిస్తే సగం రిపేర్లు అక్కడే తీరిపోతాయి. అడుగు దారం పైకి చుక్కలుగా కనబడితే పై టెన్షన్ ఎక్కువైంది, లేదా బాబిన్ కేసు వదులైంది. కేసును దారంతో వేలాడదీసి చూడండి. ఊరికే జారి కింద పడిపోతే వదులు, చిన్న కుదుపుకు అంగుళమో రెండో దిగి ఆగితే సరి, కదలకపోతే బిగువు. దాని మరను పావు చుట్టు మించి తిప్పవద్దు. కుట్లు తప్పుతుంటే ముందు సూది మార్చాలి, తర్వాత పెట్టిన తీరు చూడాలి. దారం ఏ వైపు నుంచి కన్నంలోకి దూరుతుందో ఆ వైపు పొడుగాటి గాడి ఉండాలి, పైన చదును దానికి ఎదురు వైపు.

నూనె సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే ఎక్కువ మిషన్లు చచ్చేది అక్కడే. కొబ్బరినూనె వేయకూడదు. ఆరేకొద్దీ జిగురై, చక్రం రాయిలా బిగుస్తుంది. మిషన్ ఆయిలే ప్రతి కన్నంలో ఒక్క చుక్క, షటిల్ తిరిగే చోట ఒక చుక్క. వేశాక పాత గుడ్డ మీద కాసేపు కుట్టాలి, లేకపోతే మరక పట్టు చీర మీదే పడుతుంది. ఇప్పటికే జిగురైపోతే కిరోసిన్‌తో కరిగించి, తుడిచి, మళ్లీ నూనె వేస్తే చాలావరకు లొంగుతుంది. తోలు బెల్టు వాడేకొద్దీ సాగి జారుతుంది. కొక్కెం విప్పి అరంగుళం కోసి మళ్లీ బిగించాలి. మరీ బిగిస్తే తొక్కడం బరువై మోకాళ్లు నొప్పులు.

ఆ మోకాళ్ల కోసమే చాలామంది మోటారు పెట్టిస్తారు. కరెంటు ఖర్చుకు భయపడనక్కర్లేదు, వంద వాట్ల మోటారు పది గంటలు తిరిగితే ఒక యూనిట్. నేర్చుకునేటప్పుడు మాత్రం పెడలే నయం. మోటారు వేగానికి చేయి అందక కుట్టు వంకర పోతుంది.

లెక్క ఇలా వేసుకోండి, ధరలు మాత్రం మీ ఊరివి పెట్టుకుని. నెలకు రెండు ఫాల్స్ కూలి 60 చొప్పున 120, రెండు ప్యాంటు మడతలు 50 చొప్పున 100, రెండు జాకెట్ల బిగువు తీయడం 40 చొప్పున 80. మొత్తం 300. మిషన్ 7,500 అయితే దాని ఖరీదు తిరిగి రావడానికి 25 నెలలు. దారం, సూదులు కలిపితే ఇంకాస్త ఎక్కువ. నెలకు రెండు లైనింగ్ బ్లౌజులు కూడా కుట్టుకోగలిగి, వాటి కూలి 400 చొప్పున మిగిలితే నెలకు 1,100 అవుతుంది, ఏడు నెలల్లో ఖరీదు వచ్చేస్తుంది. మధ్యలో ఒక గుడ్డ పాడుచేస్తే ఒక నెల వెనక్కి. ఏడాదికి నాలుగు చీరలు మాత్రమే కొనే ఇంటికి ఈ మిషన్ అక్కర్లేదు, టైలరుకే ఇవ్వండి.

డబ్బు కారిపోయే చిల్లు మిషన్‌లో ఉండదు, మ్యాచింగ్ సెంటర్‌లో ఉంటుంది. ఇంట్లో మిషన్ ఉంది కదా అని లేసులు, లట్కన్లు, "ఎప్పటికైనా పనికొస్తుంది" అని మీటరు గుడ్డలు కొనడం మొదలైతే ఆ 300 మూడు రోజులు ఉండవు. అందుకే కుట్టిన రోజే కూలి డబ్బు విడిగా తీసి, నెలాఖరుకు పోస్టాఫీసు ఆర్డీలో (నెలనెలా కట్టే పొదుపు ఖాతాలో) వేసేయడం మేలు. నెలకు 100తో మొదలుపెట్టొచ్చు, ఆపైన పదుల లెక్కన పెంచుకోవచ్చు, అయిదేళ్ల గడువు. 6.7 శాతం వడ్డీ లెక్కన నెలకు 300 వేస్తే కట్టింది 18,000, చేతికొచ్చేది సుమారు 21,400. వాయిదా తప్పితే నెలకు వందకు రూపాయి చొప్పున అపరాధ రుసుము పడుతుంది. నాలుగు వాయిదాలు తప్పితే ఖాతా నిలిచిపోతుంది, ఆ తర్వాత రెండు నెలల్లోగా సరిచేసుకోవాలి. పండగ నెలలో ఎక్కువ కుట్టి మామూలు నెలల్లో తక్కువ కుట్టే ఇళ్లు తక్కువ నెల మొత్తానికే ఖాతా తెరవాలి.

ఇంటి అవసరానికి కాకుండా దర్జీ పనే జీవనమైన వాళ్లకు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకంలో పనిముట్లకు 15,000 దాకా, శిక్షణలో రోజుకు 500, తర్వాత 5 శాతం వడ్డీకి అప్పు ఉన్నాయి. ఇంటికి ఒక్కరికే వస్తుంది.

సెకండ్ హ్యాండ్ మిషన్ సగం ధరకు దొరుకుతుంది, పోత ఇనుము తల అయితే నిర్భయంగా కొనొచ్చు. రంగు చూడొద్దు. చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పితే ఎక్కడా పట్టకూడదు, పక్కకు ఊపితే లొడలొడలాడకూడదు. సూది ప్లేటు రంధ్రం నడిమధ్యలో దిగాలి. షటిల్ మొన మీద గోరు రాసి చూడండి, గరుకుగా తగిలితే దారం తెంపుతూనే ఉంటుంది, షటిల్ ఖరీదు తగ్గించమనండి. చివరగా దారం తీసేసి ఒక తెల్లకాగితం మీద జానెడు మేర నడిపించండి. చిల్లులు ఒకే వరసలో, ఒకే ఎడంతో పడితే మిషన్ బాగున్నట్టే. వంకరగా, ఒకచోట దగ్గరగా ఒకచోట దూరంగా పడితే పళ్లో సూది కడ్డీయో అరిగింది. కాగితం పరీక్షకు ఒప్పుకోని షాపులో బేరం కూడా ఆడొద్దు.