మోజెల్ లోయలో మోటర్‌హోమ్ అద్దె: బండి బాగుంది, బిల్లు చూసుకోండి

ముందే చెప్పేస్తాను, మోటర్‌హోమ్ (లోపలే పడకలు, వంటగది ఉన్న పెద్ద బండి) అద్దెకు తీసుకుని యూరప్ మొత్తం ఒక్క ఊపులో చుట్టేద్దాం అనుకునేవాళ్లకు ఈ రివ్యూ నచ్చదు. ఏడు మీటర్ల బండిని రోజంతా హైవే మీద తోలి, చీకటి పడేవేళకి ఎక్కడ పెట్టాలిరా దేవుడా అని వెతుక్కునే పనైతే కారూ హోటలూ చాలు, చాలాసార్లు ఖర్చు కూడా తక్కువే పడుతుంది. ఈ బండి విలువ తెలియాలంటే ఒక నది ఒడ్డున నిలబెట్టి, తాళం వేసి, సైకిలెక్కాలి. అందుకే మేము జర్మనీలోనే ట్రియర్ నుంచి కోబ్లెంజ్ దాకా ఉన్న మోజెల్ నది లోయ ఒక్కటే పెట్టుకున్నాం. నేను, మా ఆయన, గుంటూరు నుంచి మా దగ్గరికి వచ్చిన అత్తయ్యగారు, మామయ్యగారు.

బండి ఫియట్ డుకాటో మీద కట్టింది. వెనక డబుల్ బెడ్డు, డ్రైవర్ సీటు పైనుంచి కిందికి దిగే ఇంకో బెడ్డు, మధ్యలో వంటగది, ఇరుకైనా శుభ్రంగా ఉన్న బాత్రూం. మూడున్నర టన్నుల లోపు బండి కాబట్టి జర్మనీ మామూలు కారు లైసెన్స్ సరిపోతుంది, జర్మనీ హైవేల మీద దీనికి టోలు కూడా లేదు. (ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ వైపు వెళ్తే మాత్రం స్టిక్కర్ కొనాలి.) నడపడం భయపడినంత కష్టం కాదు, కానీ వెనక చక్రాల తర్వాత కూడా బండి చాలా పొడుగుంటుంది, మలుపు తిప్పినప్పుడు ఆ తోక పక్కకు ఊగుతుంది. గోడల దగ్గర, పెట్రోల్ బంకుల దగ్గర ఒకరు దిగి చూడాల్సిందే. ఆ డ్యూటీ మామయ్యగారు అడక్కుండానే తీసుకున్నారు.

చాలామంది పట్టించుకోనిది బరువు. ఖాళీ బండే దాదాపు మూడు టన్నులుంటుంది. నలుగురు మనుషులు, వంద లీటర్ల నీళ్లు, ఒక్కోటి పాతిక కిలోల ఈ-బైకులు (మోటారున్న సైకిళ్లు), మీదనుంచి మన బియ్యం, పప్పులు, పచ్చళ్లు, అన్నీ ఎక్కిస్తే 3,500 కిలోల గీత దాటడం ఎంతసేపు? దాటితే పోలీసులు ఫైన్ వేస్తారు. అందుకే బుక్ చేసేటప్పుడు ఎన్ని పడకలున్నాయని కాదు, ఎంత బరువు ఎక్కించవచ్చని అడగండి.

ఇక అద్దె ఇచ్చిన ఏజెన్సీ సంగతి. పేరు రాయను, ఎందుకంటే ఈ తరహా బిల్లు చాలా చోట్ల ఉన్నదే. సీజన్‌ను బట్టి రోజుకు వంద నుంచి నూట ఎనభై యూరోల దాకా చెప్తారు, అక్కడిదాకా బానే ఉంటుంది. తర్వాత గ్యాస్, టాయిలెట్ మందు పేరుతో తప్పనిసరి సర్వీస్ ఛార్జీ, సైకిల్ స్టాండుకు వేరే, దుప్పట్లకు వేరే, రోజువారీ పరిమితి దాటిన ప్రతి కిలోమీటరుకూ వేరే. డిపాజిట్ క్రెడిట్ కార్డు మీదే బ్లాక్ చేస్తారు, డెబిట్ కార్డు ఇస్తే తీసుకోలేదు. బండి ఇచ్చేది మధ్యాహ్నం మూడింటికి, తిరిగి అప్పజెప్పాల్సింది పొద్దున పదింటికి, అంటే మొదటి, చివరి రోజులు రెండిటికీ డబ్బు కట్టి చేతికొచ్చేది ఒక్క రోజు. అప్పజెప్పేటప్పుడు వెనక బంపర్ మీద గీత మీరు చేసిందే అన్నారు. తీసుకున్న రోజే మా ఆయన బండి చుట్టూ తిరిగి వీడియో తీసిపెట్టారు కాబట్టి మాట అక్కడితో ఆగింది. మంచి కూడా చెప్పాలి: మొదటి రోజు బండి మా చేతికిచ్చిన కుర్రాడు దాదాపు గంటసేపు ప్రతి స్విచ్చూ ఓపిగ్గా చూపించాడు, మేము ఫోన్లో రికార్డు చేసుకుంటుంటే చెప్పిందే మళ్లీ చెప్పాడు.

రాత్రి బస స్టెల్‌ప్లాట్జ్‌లలో. మోటర్‌హోమ్‌ల కోసమే ఉన్న పార్కింగ్ స్థలాలివి, మోజెల్ పొడుగునా ఊరూరా ఉన్నాయి. మేము ఆగిన చోట్ల రాత్రికి పది, పదిహేను యూరోల మధ్యే తీసుకున్నారు. కొన్ని ద్రాక్షతోటల వాళ్లవే, తోట అంచున బండి పెట్టుకోనిస్తారు, వెళ్లేటప్పుడు ఒకటో రెండో వైన్ సీసాలు కొనడం మర్యాద. మందు ముట్టని అత్తయ్యగారి కోసం వాళ్ల సొంత ద్రాక్షరసం దొరికింది, చివరికి అందరం అదే తాగాం. రోడ్డు పక్క పార్కింగ్‌లో ఎక్కడపడితే అక్కడ పడుకోవచ్చా అని అడుగుతారు: అలసట తీరడానికి ఒక రాత్రి బండిలో నిద్రపోనిస్తారు గానీ, బయట కుర్చీలు వేసి బండి పక్కనుండే గుడ్డ పందిరి దించితే అది క్యాంపింగ్ కిందికి వస్తుంది, కుదరదు.

ఫొటోల్లో కనిపించని పని ఒకటుంది. టాయిలెట్ కింద చక్రాల పెట్టె లాంటి ట్యాంకు ఉంటుంది, నలుగురుంటే రెండు రోజుల్లో నిండిపోతుంది. బండి పక్కనున్న చిన్న తలుపు తీసి, దాన్ని లాగి, సూట్‌కేసులా ఈడ్చుకుంటూ వెళ్లి, గొట్టం తిప్పి, గాలి బటన్ నొక్కుతూ నెమ్మదిగా వంచి పొయ్యాలి, లేకపోతే బుడబుడమని మన మీదే చిమ్ముతుంది. తర్వాత కడిగి, నీలం మందు వేసి పెట్టాలి. ఈ పనికి ఒప్పుకునే మనిషి ఇంట్లో లేకపోతే ఈ ట్రిప్ వద్దు. మంచినీళ్లకు యంత్రంలో యూరో నాణెం వెయ్యాలి, కరెంటుకూ చాలా చోట్ల నాణేలే. మామయ్యగారి చొక్కా జేబు ఎప్పుడూ గలగలలాడుతూనే ఉండేది.

వంట గురించి మీరు అడిగేలోపే చెప్తాను, గ్యాస్ స్టవ్ బాగా పనిచేసింది. కానీ పైనున్న ఫ్యాను ఎండుమిరపకాయల పోపుకు చాలదు, తలుపు బార్లా తీసి పెట్టాల్సిందే. ఒక సాయంత్రం కుక్కర్ మొదటి విజిల్ వెయ్యగానే పక్క బండిలోంచి పెద్దావిడ, ఆయన తలలు బయటపెట్టి చూశారు. మూడో విజిల్‌కి కంగారుగా వచ్చి అంతా బాగానే ఉందా అని అడిగారు. పప్పన్నం తిని వెళ్లారు.

సైకిల్ విషయానికొస్తే మోజెల్ కంటే సులువైన దారి దొరకడం కష్టం. ట్రియర్ నుంచి కోబ్లెంజ్‌కు నది సుమారు 190 కిలోమీటర్లు వంపులు తిరుగుతూ పోతుంది, సైకిల్ దారి చాలావరకు నీళ్ల పక్కనే, ఎత్తుపల్లాలు లేకుండా. బ్రెమ్ ఊరి దగ్గర నది పూర్తిగా వెనక్కి తిరిగినట్టు కనిపించే వంపు ఉంది, దాని మీద నిలువుగా లేచిన కాల్మోంట్ ద్రాక్షతోట యూరప్‌లోకెల్లా బాగా ఏటవాలు తోటల్లో ఒకటి. ఆ వాలు మీద మనుషులు నిలబడి తీగలు కత్తిరిస్తుంటే కింద మాకు కాళ్లు వణికాయి.

అన్నిటికంటే నాకు నచ్చింది మారె-మోజెల్ సైకిల్ దారి. పాత రైలు పట్టాలు తీసేసి వేసిన దారి ఇది, కొండ మీది డౌన్ ఊరి నుంచి నది ఒడ్డున బెర్న్‌కాస్టెల్-కూస్ దాకా 58 కిలోమీటర్లు. సైకిళ్లను ట్రైలర్ మీద ఎక్కించుకునే బస్సు మనల్ని పైన దింపుతుంది, అక్కడినుంచి మొత్తం మీద దిగుడే. ఎత్తైన రైలు వంతెనలు, లైట్లున్న సొరంగాలు, మండు వేసవిలో కూడా లోపల చలి. మోటారున్నదాన్ని సైకిలని ఎలా అంటారని మొదట్లో వాదించిన మామయ్యగారు ఈ దారిలో మా ఇద్దరికంటే ముందున్నారు. వేసవి శని, ఆదివారాల్లో బస్సులో సైకిల్‌కు ముందే చోటు బుక్ చేసుకోండి. సైకిల్ తొక్కని అత్తయ్యగారికీ లోటు లేదు, ఇంకో రోజు బెర్న్‌కాస్టెల్ నుంచి ట్రాబెన్-ట్రార్బాఖ్‌కు పడవలో వెళ్లారు, మేము ఒడ్డున తొక్కుకుంటూ వెళ్లి కలిశాం.

ట్రియర్‌కు ఎగువన పెర్ల్ అనే ఊరుంది, వంతెన దాటితే లక్సెంబర్గ్‌లో షెంగెన్. అవును, వీసా మీద ఉండే షెంగెనే. 1985 జూన్ 14న ఇక్కడే మోజెల్ మీద ఆగి ఉన్న ఓడలో, దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు తీసేసే ఒప్పందం మీద సంతకాలు చేశారు. ఊరు చిన్నది, అరగంటలో చూసేయొచ్చు. వీసా కోసం ఎన్ని కాగితాలు పోగేశామో అని మామయ్యగారు ఊరి పేరు బోర్డు ముందు ఫొటో దిగారు. పనిలో పని, ఇక్కడ డీజిల్ జర్మనీ కంటే చవక, ట్యాంకు నింపుకోండి.

బుర్గ్ ఎల్ట్జ్ కోటకు పార్కింగ్ నుంచి చిన్న బస్సు ఉంది, నడవగలిగితే మోజెల్‌కెర్న్ ఊరి నుంచి అడవి దారి ఇంకా బాగుంటుంది. ఎనిమిది వందల ఏళ్లకు పైగా ఒకే కుటుంబం చేతిలో ఉన్న కోట, లోపల ఫొటోలు తియ్యనివ్వరు. కోఖెమ్ అందమైన ఊరే గానీ వారాంతంలో జనం తోసేస్తారు, బండి దూరంగా పెట్టి రైల్లో వెళ్లండి.

తీసుకోవచ్చా అంటే, ముగ్గురు నలుగురుండి, ఒకే లోయలో కనీసం వారం ఉండగలిగితే తీసుకోవచ్చు. ఏప్రిల్ నుంచి అక్టోబర్ మధ్యలో వెళ్లండి, చలికాలంలో నది పొంగితే ఒడ్డునున్న స్టెల్‌ప్లాట్జ్‌లు నీళ్లలో ఉంటాయి. ద్రాక్ష కోతల సమయం సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో రద్దీ ఎక్కువ, అప్పుడు మధ్యాహ్నంలోపే చోటు పట్టుకోవాలి. ఆదివారం సూపర్‌మార్కెట్లు మూతే, పాలూ పెరుగూ శనివారమే తెచ్చి పెట్టుకోండి.