జావా వెబ్ యాప్‌లో శబ్దం: సర్వర్‌లో క్లిప్పా, ఆడియో ట్యాగా, వెబ్ ఆడియోనా? ఏది మేలు?

కొత్త ఆర్డర్ రాగానే యూజర్ దగ్గర గంట మోగాలి. అడిగింది అంతే. జావాలో శబ్దానికి సొంత ఏపీఐ ఉంది కదా అని సర్వ్‌లెట్‌లోనే (బ్రౌజర్ అడిగినదానికి సర్వర్‌లో జవాబిచ్చే జావా కోడ్) క్లిప్ (శబ్దాన్ని ప్లే చేసే జావా ఆబ్జెక్ట్) తెరిచి, వేవ్ ఫైల్ లోడ్ చేసి, స్టార్ట్ పిలిచాను. నా ల్యాప్‌టాప్‌లో చక్కగా మోగింది. సర్వర్ మీద డిప్లాయ్ చేశాక ఎవరికీ ఏమీ వినపడలేదు. లాగ్ తెరిస్తే, అడిగిన రకం లైన్ (శబ్దం బయటికి వెళ్లే దారి) ఈ మెషీన్‌లో లేదంటూ ఎక్సెప్షన్.

సర్వ్‌లెట్ నడిచేది సర్వర్‌లో, కాబట్టి మోగితే మోగేది సర్వర్ స్పీకరే. డెవలప్ చేసేటప్పుడు బ్రౌజరూ, సర్వ్‌లెట్‌ని నడిపే టామ్‌క్యాట్ సర్వరూ ఒకే మెషీన్‌లో ఉంటాయి గనక ఈ తేడా బయటపడదు. సర్వర్‌కే స్పీకర్ తగిలించి ఆ గదిలోనే ప్రకటన వినిపించాలంటే క్లిప్ సరిపోతుంది. అప్పుడు కూడా వేవ్, ఏయూ, ఏఐఎఫ్ఎఫ్ ఫైళ్లే. ఎంపీ3కి వేరే లైబ్రరీ కావాలి. ఇక ఆప్లెట్ల (బ్రౌజర్‌లో ప్లగిన్‌తో నడిచిన జావా ప్రోగ్రాముల) మాట ఎత్తనక్కర్లేదు. క్రోమ్ 2015లో, ఫైర్‌ఫాక్స్ 2017లో ఆ ప్లగిన్లకు తలుపు మూసేశాయి.

కాబట్టి అసలు పోటీ బ్రౌజర్‌లో ఉన్న రెండింటి మధ్యే: పేజీలో పెట్టే ఆడియో ట్యాగ్, జావాస్క్రిప్ట్‌తో శబ్దాన్ని నడిపే వెబ్ ఆడియో.

ఎక్కువ మందికి నేను ఆడియో ట్యాగే చెబుతాను. ఎంపీ3ని యాప్‌లో స్టాటిక్ ఫోల్డర్‌లో పెట్టి, కాంటెక్స్ట్ పాత్‌తో (అడ్రస్‌లో యాప్‌ని గుర్తించే భాగం) కలిపి అడ్రస్ ఇస్తే చాలు. బయటివాళ్లకు తెరుచుకోని వెబ్-ఇన్ఫ్ ఫోల్డర్‌లో పెడితే మాత్రం బ్రౌజర్‌కి 404 వస్తుంది. పెద్ద ఫైలైనా వస్తున్నది వస్తున్నట్టే ప్లే అవుతుంది, మధ్యలోకి జరపొచ్చు. జరపాలంటే సర్వర్ రేంజ్ రిక్వెస్ట్‌కి (ఫైల్‌లో ఒక ముక్కే కావాలని అడగడం) 206తో, అంటే "ఇదిగో ముక్క" అనే కోడ్‌తో జవాబివ్వాలి. టామ్‌క్యాట్ స్టాటిక్ ఫైళ్లకు ఆ పని తనే చేస్తుంది. అదే ఫైల్‌ని స్ప్రింగ్ (జావా వెబ్ ఫ్రేమ్‌వర్క్) కంట్రోలర్ నుంచి బైట్ అర్రేగా పంపితే ముక్కగా కాక మొత్తం 200తో వెళ్తుంది. అప్పుడు సఫారీ అసలు ప్లే చేయకపోవచ్చు, ఎందుకంటే అది ముందు రెండే రెండు బైట్లు అడిగి చూస్తుంది. బైట్ అర్రే బదులు రిసోర్స్ (ఫైల్‌ని సూచించే స్ప్రింగ్ ఆబ్జెక్ట్) రిటర్న్ చేస్తే రేంజ్ సంగతి స్ప్రింగే చూసుకుంటుంది.

వెబ్ ఆడియో బలం వేరు. ఒకే చప్పుడు దాని మీద అదే పడుతూ వినిపించాలన్నా, మిల్లీసెకన్ల లెక్కన మోగాలన్నా దీనికి సాటి లేదు. ఆటలకూ పియానో లాంటి పేజీలకూ ఇదే. కానీ ఫైల్ మొత్తం డీకోడ్ అయి మెమరీలో కూర్చుంటుంది. 44,100 శాంపిళ్లు, రెండు ఛానళ్లు, శాంపిల్‌కి 4 బైట్లు: సెకనుకి 3,52,800 బైట్లు. మూడు నిమిషాల పాట 60 ఎంబీ దాటుతుంది. పొడుగాటి ఆడియోకి ఈ దారి వద్దు.

రెండింటికీ ఒకే అడ్డంకి ఉంది: యూజర్ పేజీలో ఎక్కడా నొక్కకముందే మోగించబోతే బ్రౌజర్ మామూలుగా ఒప్పుకోదు. ఆడియో ట్యాగ్‌లో ప్లే పిలిస్తే వచ్చే ప్రామిస్ (ఫలితం తర్వాత చెప్పే ఆబ్జెక్ట్) రిజెక్ట్ అవుతుంది, వెబ్ ఆడియోలోనైతే శబ్దాన్ని నడిపే కాంటెక్స్ట్ సస్పెండ్ అయి ఉంటుంది. అందుకే నా ఆర్డర్ల పేజీలో "శబ్దం ఆన్ చేయి" అని ఒక బటన్ పెట్టాను. ఆ తర్వాత సర్వర్ నుంచి వెబ్‌సాకెట్ (సర్వర్‌కీ పేజీకీ మధ్య తెరిచి ఉండే కనెక్షన్) మీద కబురు రాగానే ఆడియో ట్యాగ్ మోగుతుంది. గంటకి అంతకు మించి అక్కర్లేదు.

అన్నీ సరిగ్గా ఉన్నా మోగకపోతే వార్ ఫైల్ (డిప్లాయ్ చేసే యాప్ ప్యాకేజీ) విప్పి ఎంపీ3 సైజు చూడండి. మేవెన్‌లో (యాప్‌ని బిల్డ్ చేసే టూల్) రిసోర్స్ ఫిల్టరింగ్, అంటే ఫైళ్లలోని గుర్తుల చోట విలువలు నింపే పని, ఆన్‌లో ఉంటే ఆడియోని కూడా టెక్స్ట్ అనుకుని బైట్లు మార్చేస్తుంది. నా గంట ఫైల్ సోర్స్‌లో కన్నా వార్‌లో పెద్దదిగా కనిపించినప్పుడే నాకు సంగతి అర్థమైంది. ఫిల్టర్ చేయకూడని ఎక్స్‌టెన్షన్ల జాబితాలో ఎంపీ3ని చేర్చి మళ్లీ బిల్డ్ చేశాను, మోగింది.