బెదిరిన కుక్కల కోసం పెద్ద బోను: కొనేముందు చూడాల్సినవి, వాడేటప్పుడు తప్పేవి

ఊరి చివర బండి ఆపి దించేసి పోయిన కుక్కల్లో చాలావాటికి బోనుతో పనిలేదు. దించిన చోటే కూర్చుని వచ్చే ప్రతి బండినీ చూస్తుంటాయి. వాటికి కాస్త పక్కగా నేలమీద చతికిలబడి, కళ్లలోకి చూడకుండా తిండి విసురుతూ కూర్చుంటే, ఓ గంటకో రెండు గంటలకో దగ్గరికొస్తాయి. మెడకు స్లిప్ లీడ్ (లాగితే బిగుసుకునే ఉచ్చు తాడు) వేస్తే పని అయిపోయినట్టే. ఈ సమీక్ష రెండో రకం కుక్కల కోసం. మనిషి అలికిడికే చేలో దూరిపోయేవి, కొత్త ఇంటికి పంపిన మూడో రోజే గేటు సందులోంచి జారిపోయినవి. వీటికోసం వలంటీర్లు కొనేది లోపల తొక్కుడు పలక, దాన్ని తొక్కగానే పైనుంచి జారే తలుపు ఉన్న పెద్ద బోను. వస్తువు మంచిదే. కాకపోతే కొన్నది కొన్నట్టు తెచ్చి పెడితే మాత్రం కుక్క పడదు, పిల్లి పడుతుంది.

పొడవు దగ్గర పీనాసితనం పనికిరాదు. ముందుకాలు పలక మీద పడేసరికి తోకతో సహా కుక్క తలుపు దాటి ఉండాలి. పెద్ద కుక్కకైతే ఆరడుగుల పొడవు, రెండడుగులకు పైబడిన వెడల్పు, రెండున్నర అడుగుల ఎత్తు కావాలి. నాలుగడుగుల బోను మోయడానికి తేలికే. కానీ తలుపు నడుం మీద పడి కుక్క వెనక్కి గుంజుకుని పారిపోయిందంటే, ఇక వారాల తరబడి ఆ బోను వైపు చూడదు. జాలీ కన్ను అంగుళం బై రెండంగుళాలు మించకూడదు. అంతకంటే పెద్దదైతే దవడ పట్టు దొరుకుతుంది, కొరికి కొరికి కోరలు విరగ్గొట్టుకుంటుంది. తీగ మందం 12 గేజ్ అయినా ఉండాలి. గేజ్ అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుందని మర్చిపోయి 14 గేజ్ గట్టిదనుకుని కొనేవాళ్లున్నారు.

స్ప్రింగుతో విసురుగా మూసుకునే తలుపు కంటే సొంత బరువుతో జారే తలుపే నయం. దెబ్బ తక్కువ, చప్పుడూ తక్కువ. దీనికున్న తిప్పలు ఒక్కటే, నేల చదునుగా లేకపోతే ఫ్రేమ్ కాస్త మెలి తిరిగి తలుపు సగంలో ఇరుక్కుంటుంది. వాన పడి మెత్తబడిన గట్టు మీద సాయంత్రం సరిగ్గా ఉన్న బోను రాత్రికి ఒక మూల దిగబడుతుంది. నాలుగు మూలల కిందా చెక్క ముక్కలు పెట్టండి. పెట్టిన ప్రతిసారీ చేత్తో పది సార్లు తలుపు జార్చి చూడండి. ఆ తర్వాత లోపలి వైపు నుంచి కర్రతో తలుపు అడుగు అంచును పైకి లేపి చూడాలి. పక్క గడియల్లో మట్టి చేరితే తలుపు పడుతుంది గానీ లాక్ పడదు. కుక్క ముక్కుతో ఎత్తుకుని చక్కా పోతుంది.

అసలు తలనొప్పి పలకతోనే. కొత్త బోనుల్లో అది మరీ సున్నితంగా ఉంటుంది, పిల్లి తొక్కినా తలుపు పడుతుంది. తలుపును ఆపి ఉంచే కొక్కేన్ని కొద్దిగా వంచి, మూడు కిలోల ఇసుక సంచి పెడితేనే పడేలా సర్దుకోవాలి. పలక బోను వెడల్పంతా పరుచుకుని ఉండాలి. పక్కన జానెడు ఖాళీ ఉంటే కుక్క అక్కడే కాలు వేస్తుంది. కాళ్లు పొడుగున్న కుక్క పలకను దాటి మెడ చాచి తినేస్తుంటే ఎరను చిట్టచివరకు జరపండి. పలకకు కొంచెం ముందు అడ్డంగా ఓ సన్న కర్ర కూడా పెట్టండి. కర్ర దాటిన కాలు పలక మీదే పడుతుంది. జాలీ నేల కుక్కకు కొత్త కాబట్టి మట్టో ఎండుగడ్డో పలుచగా చల్లాలి. పలక కింద గులకరాయి చేరితే మాత్రం అది దిగదు.

వెనక తలుపు లేని బోను ఎంత చవగ్గా వచ్చినా కొనొద్దు. ఎర పెట్టడానికీ, పట్టుబడ్డ కుక్కను క్రేట్‌లోకి (కుక్కను ఉంచే పెట్టెలోకి) మార్చడానికీ అదే దారి. అది లేకపోతే ముందు తలుపు ఎత్తి చెయ్యి పెట్టాల్సి వస్తుంది, కాటు పడేది అక్కడే. కాటు పడితే వెంటనే సబ్బుతో, పారే నీటితో 15 నిమిషాలు కడిగి, ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్లాలి. ఇంకో మాట, ఎర పెట్టాక వెనక తలుపు చీల వేయడం మర్చిపోవడమే అందరూ చేసే పొరపాటు.

వాడే పద్ధతి గురించి బోనుతో వచ్చే కాగితంలో ఏమీ ఉండదు, అదే ఈ వస్తువులో పెద్ద లోటు. మొదట కొన్ని రోజులు తలుపును కేబుల్ టైలతో పైకి కట్టేయాలి, పడనే కూడదు. రోజూ ఒకే వేళకు, మొదట బోను మూతి దగ్గర, తర్వాత రోజుకో అడుగు చొప్పున లోపలికి తిండి జరుపుతూ పోవాలి. వరసగా రెండు రోజులు కుక్క చివరిదాకా వెళ్లి, తోక దించుకోకుండా నింపాదిగా తిన్నాకే టైలు కోయండి. ఆ రోజు ముందుపూట తిండి బంద్. ఊళ్లో కుక్క బోనులో పడకపోవడానికి చాలామటుకు కారణం ఒకటే. నలుగురు జాలిపడి నాలుగు చోట్ల పెడతారు, కడుపు నిండిన కుక్క బోనెక్కదు. చుట్టుపక్కల ఇళ్లకు ముందే వెళ్లి చెప్పి రావాలి, వాళ్ల కుక్కల్ని ఆ రాత్రికి కట్టేసుకోమనాలి. స్థలం యజమాని అనుమతి సరేసరి.

తలుపు సిద్ధం చేసిన బోనును వదిలి వెళ్లకూడదు. దూరంగా బండిలో కూర్చునో, ఫోన్‌కు బొమ్మ పంపే కెమెరా పెట్టుకునో కాపలా కాయాలి. పట్టుబడ్డ కుక్క ఎండలో ఇనుప బోనులో ఉంటే వడదెబ్బ తగులుతుంది, అందుకే మునిమాపువేళ, తెల్లవారుజామున మాత్రమే. రెండు కుక్కలు కలిసి తిరుగుతుంటే పలకను నమ్ముకోవద్దు. తలుపును ఆపే కొక్కేనికి గట్టి దారం కట్టి, కావలసినది లోపలికి వెళ్లాకే లాగండి.

ఆడకుక్క అయితే ముందు పొదుగు చూడండి. పాలిచ్చేదైతే పిల్లలు ఎక్కడున్నాయో తెలిసేదాకా బోను పెట్టొద్దు. తల్లి పట్టుబడితే ఎక్కడో పొదలో పిల్లలు ఆకలితో పోతాయి. పిల్లలు దొరికితే చిన్న క్రేట్‌లో భద్రంగా ఉంచి, బోను వెనక అంచుకు ఆనించి పెట్టండి. తల్లి వాటికోసమే లోపలికి నడుస్తుంది.

తలుపు పడిన మరుక్షణం మందపాటి ముదురు రంగు గుడ్డ కప్పేయండి. లోపల చీకటైతే కుక్క జాలీకి గుద్దుకోవడం తగ్గుతుంది. అక్కడ ఏ కారణంతోనూ తలుపు తీయొద్దు, రెండు తలుపులకూ కొక్కేలు బిగించి బండెక్కించండి. ఇది ఉంచే గది కాదు, గంటా రెండు గంటల్లో క్రేట్‌లోకి మార్చాలి. చిప్ (యజమానిని గుర్తించడానికి కుక్క చర్మం కింద పెట్టే చిన్న పరికరం) స్కానింగ్ కూడా బయటికి తీశాకే. లోహపు జాలీ దగ్గర స్కానర్ సరిగ్గా పట్టదు. భుజాల మధ్య దొరక్కపోతే మెడ, ఛాతీ, ముందుకాళ్ల దాకా మెల్లగా తిప్పండి, చిప్ చర్మం కింద జారుతుంది. చిప్ దొరికిందంటే అది వదిలేసిన కుక్క కాకుండా తప్పిపోయినది కూడా కావచ్చు, ముందు ఆ యజమానిని వెతకాలి.

కడగడం బద్ధకించే పని కాదు. కుక్కల ప్రాణం తీసే పార్వో వైరస్ నెలల తరబడి బతుకుతుంది, దానిమీద మామూలు ఫినాయిల్ ఆధారం కాదు. మొదట మలం, మట్టి పూర్తిగా తోమేసి, ఒక పాలు బ్లీచ్‌కు ముప్పై పాళ్లు నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచి కడిగేయాలి. మురికి మీదే పోస్తే బ్లీచ్ పనిచేయదు, కడక్కుండా వదిలేస్తే ఇనుమును తినేస్తుంది. గాల్వనైజ్డ్ (జింకు పూత వేసిన) బోను కొంత ఓర్చుకుంటుంది. పౌడర్ కోటింగ్ వేసినవి వెల్డింగ్ అతుకుల దగ్గర ముందు పెచ్చులూడతాయి. తలుపు జారే గాడిలో గ్రీజు పూయకండి, దుమ్ము పట్టి ముద్దవుతుంది. పొడిగా ఆరే సిలికాన్ స్ప్రే చాలు, అదీ వాసన పోవడానికి వాడే రోజుకు ముందే కొట్టి ఉంచాలి.